ఫ్యూజర్ హీటింగ్ ఎలిమెంట్ మనమే చేయించుకోవచ్చా? ఎనిమిది నెలల్లో మూడు పగిలాయి

బాలాజీకాలనీ_జిరాక్స్

తిరుపతిలో యూనివర్సిటీ దగ్గర మా జిరాక్స్ అంగడి. రెండు చిన్న లేజర్ ప్రింటర్లు, ఒక పెద్ద కాపియర్ ఉన్నాయి. చిన్నవాటిలో ఒకటి ప్రాణం తోడేస్తోంది. ఎనిమిది నెలల్లో మూడుసార్లు ఫ్యూజర్‌లో, అంటే టోనర్ పొడిని వేడితో కాగితానికి అతికించే భాగంలో, హీటింగ్ ఎలిమెంట్ పగిలింది. ప్రతిసారీ ఎలిమెంటు, దాని చుట్టూ తిరిగే టెఫ్లాన్ స్లీవు (పలచటి గొట్టం), కూలి అన్నీ కలిపి రెండు రోజుల సంపాదన పోతోంది. పరీక్షల సీజన్‌లో ప్రింటర్ ఆగితే పిల్లలు పక్క అంగడికి వెళ్తారు, మళ్లీ రారు.

ఈసారి నేనే విప్పాను. స్కేలంత పొడవు, చిటికెన వేలంత వెడల్పు కూడా లేని తెల్లటి సిరామిక్ పట్టీ. దాని మీద పొడవునా రెండు బూడిదరంగు గీతలు, వాటి మీద గాజులాంటి పూత. వెనకవైపు వేడిని కొలిచే ఒక థర్మిస్టర్, వేడి మితిమీరితే కరెంటు తెంచే ఒక థర్మల్ ఫ్యూజ్ ఆనుకుని ఉన్నాయి. ఇంతే సరుకు. కొత్తదానికి మీటర్ పెడితే 66 ఓమ్‌లు చూపించింది. పగిలినవి మూడూ ఓపెన్, అంటే కరెంటు దారి తెగిపోయింది.

నేను డిప్లొమా ఈఈఈ (ఎలక్ట్రికల్). సిరామిక్ పట్టీ దొరుకుతుంది, హీటర్లలో వాడే నైక్రోమ్ తీగ దొరుకుతుంది. 66 ఓమ్‌లు వచ్చేంత తీగ కొలిచి పట్టీ మీద బిగిస్తే ఎందుకు పనిచేయదు? ఎవరైనా చేసి చూశారా?

చిత్తూరు_మెకానిక్

నైక్రోమ్ ఆలోచన ఇక్కడితో వదిలెయ్యప్పా. 20 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఒకాయన ఇస్త్రీ పెట్టె ఎలిమెంట్ కోసి బిగించి నా దగ్గరికి తెచ్చాడు. స్లీవ్ కరిగి, కాగితాన్ని దానికి నొక్కే ప్రెషర్ రోలర్‌కు అంటుకుపోయింది, లోపల ప్లాస్టిక్ గేర్లు వంకరపోయాయి. రోలర్ కూడా పోయింది, ఎలిమెంట్ ఒక్కటే కాదు.

ఈఈఈ_ఫైనలియర్

ఎందుకు పనిచేయదో కూడా చెప్పండి అన్నా. 66 ఓమ్‌లు ఏ తీగలో ఉన్నా 66 ఓమ్‌లే కదా. 230 వోల్టులకు 800 వాట్లు వస్తాయి. అదే కదా కావాల్సింది.

పేస్టు_850

సిరామిక్ మీద పేస్టు ముద్రించి కాల్చే పని నాది, ప్రింటర్లవి కాదు గానీ పద్ధతి అదే. కాబట్టి దీనికి నేను సమాధానం చెప్తాను.

వాట్లు ఒకటే అవుతాయి, నిజమే. ఆ వాట్లు ఎంత చోటులో నుంచి బయటికి రావాలన్నది అసలు సంగతి. పట్టీ మీద గీత పోను 220 మి.మీ., రాను 220 మి.మీ., మొత్తం 440 అనుకుందాం. అంత పొడవు నైక్రోమ్‌లో 66 ఓమ్‌లు రావాలంటే తీగ మందం 0.1 మి.మీ. ఉండాలి. అంటే వెంట్రుకంత. ఆ వెంట్రుక ఉపరితలం మొత్తం కలిపినా 1.4 చదరపు సెంటీమీటర్లు. 800 వాట్లు దానిలోంచి రావాలంటే ఒక్కో చదరపు సెంటీమీటరుకు 570 వాట్లు దాటుతుంది. తీగ పట్టీకి పూర్తిగా అతుక్కుని ఉండదు, మధ్యలో గాలి ఉంటుంది. గాలి వేడిని తీసుకోదు. స్విచ్ వేసిన క్షణంలోనే తీగ తెగిపోతుంది.

లావు తీగ వాడితే 66 ఓమ్‌లకు మీటర్ల కొద్దీ కావాలి, దాన్ని చుట్టాలి. చుట్టిన తీగ ఆ సందులో పట్టదు.

ఈఈఈ_ఫైనలియర్

అయితే ఆ బూడిదరంగు గీత మాత్రం ఎలా తట్టుకుంటోంది?

పేస్టు_850

అది తీగ కాదు, పట్టీకే అతుక్కుపోయిన పొర. వెండి, పల్లాడియం పొడులను గాజుపొడితో కలిపి పేస్టు చేస్తారు. జాలీ గుండా పట్టీ మీద ముద్రించి, ఆరబెట్టి, సుమారు 850 డిగ్రీల దగ్గర కాలుస్తారు. నా పేరులో అంకె అదే. గాజు కరిగి లోహాన్ని సిరామిక్‌కు పట్టేస్తుంది. ఆ తర్వాత గీతలో పుట్టిన వేడికి గాలి అడ్డు ఉండదు, నేరుగా పట్టీలోకి దిగిపోతుంది.

ఓమ్‌లను మేం చదరాల్లో లెక్కేస్తాం. గీత వెడల్పు 1.5 మి.మీ. అయితే 440 మి.మీ. పొడవులో అలాంటి చదరాలు 293 వరసగా ఉన్నట్టు. 66ను 293తో భాగిస్తే చదరానికి 0.225 ఓమ్. అంత వచ్చే పేస్టు ఎంచుకోవాలి, ప్రతి చోటా ఒకే మందం పడాలి. ఒకచోట గీత పలచబడితే అక్కడ ఓమ్‌లు పెరుగుతాయి, అక్కడే వేడెక్కుతుంది, పట్టీ అక్కడే చీలుతుంది.

రెండు గీతలూ వాటి మధ్య ఖాళీ కలిపి 4 మి.మీ. అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు 90 వాట్లు. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటే అక్కడ పడేది 5 వాట్లు. పోల్చి చూడండి.

కాణిపాకం_నెట్‌సెంటర్

మా దగ్గర ఎలిమెంట్ పగల్లేదు గానీ సాయంత్రం పూట ఫ్యూజర్ ఎర్రర్ వచ్చి ప్రింటర్ ఆగిపోయేది. పొద్దున బాగుండేది. రెండు నెలలు తల పట్టుకున్నాం. చివరికి మీటర్ పెట్టి చూస్తే సాయంత్రం 190 వోల్టులే వస్తోంది. స్టెబిలైజర్ పెట్టాక మళ్లీ రాలేదు.

చిత్తూరు_మెకానిక్

అదే మరి. వోల్టేజీ కొంచెమే తగ్గింది కదా అనుకుంటారు. వాట్లు వోల్టుల వర్గంతో తగ్గుతాయి. 800 వాట్లది 190 దగ్గర 546 అవుతుంది. ప్రింటర్ లోపలి ప్రోగ్రాము ఇన్ని సెకన్లలో ఇంత వేడి రావాలని చూస్తుంది, రాకపోతే ఎలిమెంట్ చెడిందనుకుని ఆపేస్తుంది. ఎలిమెంట్ తప్పు కాదు.

రేణిగుంట_లైన్

దీనికి తిరగేసిన కేసు నాది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌లో చవగ్గా ఫ్యూజర్ దొరికిందని తెచ్చి బిగించాను. మోడల్ నంబర్ అదే. స్విచ్ వేసిన వెంటనే టప్ మని శబ్దం, కాలిన వాసన. తర్వాత చూస్తే లేబుల్ మీద 110-127 వోల్టులు అని ఉంది. ఓమ్‌లు కొలిచి ఉంటే అప్పుడే తెలిసేది. 800 వాట్లది 115 వోల్టులకైతే 16, 17 ఓమ్‌లు ఉంటుంది. దానికి 230 ఇస్తే నాలుగింతల వాట్లు. ఫ్యూజర్ కొనేవాళ్లు మీటర్ జేబులో పెట్టుకుని వెళ్లండి.

దోసెపెనం

మా పాత ఆఫీసులో ప్రింటర్ ఆన్ చేస్తే నిమిషం సేపు ఆగాల్సి వచ్చేది. ఇప్పటివి బటన్ నొక్కగానే కాగితం వదులుతున్నాయి. తేడా ఈ పట్టీ వల్లేనా?

పేస్టు_850

అవును, మీ పేరులోనే సమాధానం ఉంది. మందపాటి ఇనప పెనం కాగడానికి చాలాసేపు పడుతుంది, కాగాక వరసగా దోసెలు పోసినా చల్లారదు. పలచటి పెనం ఇట్టే కాగుతుంది, పిండి పడగానే చల్లారుతుంది.

పాత రకంలో బోలు అల్యూమినియం రోలర్, లోపల హాలోజన్ దీపం. రోలర్ 200 గ్రాములు అనుకుంటే 160 డిగ్రీలు పెంచడానికి సుమారు 29 వేల జౌళ్లు. 800 వాట్లతో 36 సెకన్లు. సిరామిక్ పట్టీ బరువు నాలుగైదు గ్రాములు. దానికి 600 జౌళ్లు చాలు, లెక్క ప్రకారం సెకను కూడా పట్టదు. స్లీవూ, రోలరూ కొంత తాగేస్తాయి కాబట్టి నిజంగా కొన్ని సెకన్లు పడుతుంది.

చిత్తూరు_మెకానిక్

వేగం సరే, మన్నిక మాట చెప్పు. దీపం రోలర్లున్న మిషన్లు నా చేతిలో ఏళ్ల తరబడి నడిచాయి. దీపం పోతే దీపం మార్చాం, పది నిమిషాల పని. ఈ పట్టీ రకం వచ్చాకే మూడు నెలలకోసారి విప్పడం మొదలైంది. కరెంటు ఆదా అన్నారు, ఆదా అయిన డబ్బు స్లీవ్‌లకు పోతోంది.

పేస్టు_850

మీ అనుభవాన్ని కాదనను. కానీ రోజుకు పది కాగితాలు వేసే ఇంట్లోనో చిన్న ఆఫీసులోనో రోలర్‌ను రోజంతా వేడిగా ఉంచడం ఎంత వృథా! క్యానన్ వాళ్లు ఈ పద్ధతి తెచ్చింది దానికే. రోజంతా ఆగకుండా వేసే చోట దీపం రోలరే మేలు, అక్కడ మీతో ఏకీభవిస్తాను. అంగడిలో పెద్ద కాపియర్ పని చిన్న ప్రింటర్ మీద వేస్తే పట్టీని నిందించి లాభం లేదు.

చిత్తూరు_మెకానిక్

అది ఒప్పుకుంటా.

పాత_టైపిస్టు

చిత్తూరు కోర్టు దగ్గర టైపు మిషను నుంచి జిరాక్స్ దాకా అన్నీ చూసినవాణ్ని. ఈ వేడి గొడవ జిరాక్స్ పుట్టిన రోజు నుంచీ ఉంది. 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ మొదటి కాపీ తీసినప్పుడు, పొడిని మైనపు కాగితం మీదికి దించి, వేడి చేసి అతికించాడు. 1959లో వచ్చిన జిరాక్స్ 914 మిషన్‌లో కాగితం ఇరుక్కుంటే వేడికి అంటుకునేది. అందుకని కంపెనీ మిషన్‌తో పాటు చిన్న మంటలార్పే సిలిండర్ ఇచ్చేది. దానికి పెట్టిన పేరు స్కార్చ్ ఎలిమినేటర్!

నా ప్రశ్న ఒకటి. స్టాంపు పేపర్ మీద ప్రింట్ వేస్తే అక్షరాలు గోటితో గీస్తే రాలిపోతున్నాయి. మామూలు కాగితం మీద బాగుంటుంది. ఇదీ ఎలిమెంట్ లోపమేనా?

చిత్తూరు_మెకానిక్

కాదు సామీ. మందం కాగితం ఎక్కువ వేడి తాగుతుంది. సెట్టింగుల్లో కాగితం రకం మందం అని మార్చండి. ప్రింటర్ వేడి పెంచుతుంది లేదా నెమ్మదిగా లాగుతుంది. డాక్యుమెంట్ రాలిపోతే పార్టీకి ఎంత నష్టమో మీకు తెలియంది కాదు.

ఈఈఈ_ఫైనలియర్

ఎంత వేడి తాగుతుందో లెక్క కట్టాను, తప్పుంటే దిద్దండి. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు) ఏ4 కాగితం బరువు 4.7 గ్రాములు. దాన్ని 80 డిగ్రీలు పెంచడానికి దాదాపు 500 జౌళ్లు. అందులో 5 శాతం తేమ ఉంటే 0.23 గ్రాముల నీరు, అది కాగి పూర్తిగా ఆవిరవడానికి ఇంకో 600. మొత్తం 1100 జౌళ్లు. నిమిషానికి 20 కాగితాలైతే ఒక్కోదానికి 3 సెకన్లు, అంటే సుమారు 370 వాట్లు కాగితమే పట్టుకుపోతోంది. సగానికి పైగా తేమకే ఖర్చు!

పేస్టు_850

బాగా కట్టావు చెల్లీ. తేమ మొత్తం ఆవిరి కాదు, కాబట్టి కొంచెం తగ్గించు. మిగతాదంతా సరే. ఇంకొకటి చేర్చు. స్లీవూ, రోలరూ కలిసి నొక్కే చోట కాగితం ఉండేది రెప్పపాటు కూడా కాదు. సెకనుకు 110 మి.మీ. వేగం, నొక్కుడు వెడల్పు 6 మి.మీ. అయితే సెకనులో ఇరవయ్యో వంతు. ఆలోపల టోనర్ కరిగి కాగితం పోగుల్లోకి దిగాలి.

కాణిపాకం_నెట్‌సెంటర్

అందుకేనా నవంబర్ వానల్లో కాగితం చుట్టుకుపోయి, ప్రింట్ మసకేసేది! మేం రీమును విప్పి బయట పెట్టేస్తాం. ఇక మీదట కవర్లోనే ఉంచుతాం.

పేస్టు_850

మొదటి పోస్టుకి వద్దాం. బాలాజీకాలనీ తమ్ముడూ, పగుళ్లు పట్టీలో ఎక్కడ వచ్చాయి? మూడూ ఒకే చోటా?

బాలాజీకాలనీ_జిరాక్స్

ఇప్పుడే మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటికి ఎడమ చివర నుంచి 3 సెం.మీ. దగ్గర, ఒకదానికి కుడి చివర నుంచి దాదాపు అంతే దూరంలో. మధ్యలో ఏదీ పగల్లేదు. పగులు దగ్గర గాజు పూత గోధుమరంగుకు తిరిగింది. స్లీవ్ కూడా సరిగ్గా అక్కడే ముడతలు పడి, లోపలి తెల్ల గ్రీజు ఎండి సున్నం పొరలా రాలుతోంది. మధ్యలో గ్రీజు ఇంకా మెత్తగానే ఉంది.

చిత్తూరు_మెకానిక్

ఆ ప్రింటర్‌లో ఏ సైజు కాగితం వేస్తారు? నిజం చెప్పు.

బాలాజీకాలనీ_జిరాక్స్

ఎక్కువగా లాడ్జీల రసీదులు. రెండు లాడ్జీలకు మేమే వేస్తాం, ఏ6 సైజు, ఒక్కోసారి రెండు మూడు వందలు వరసగా. ఏ6 అని సెట్ చేస్తే కొన్ని కాగితాల తర్వాత ప్రింటర్ ఆగి ఆగి వేస్తుంది. అందుకని సెట్టింగులో ఏ4 అని పెట్టి రసీదు కాగితం వేస్తాం. అప్పుడు వేగంగా వస్తాయి.

చిత్తూరు_మెకానిక్

దొరికింది.

పేస్టు_850

అదే కారణం. ఏ6 వెడల్పు 105 మి.మీ. చాలా చిన్న ప్రింటర్లలో కాగితం మధ్యలో నడుస్తుంది. పట్టీ మొత్తం ఒకే రకంగా వేడెక్కుతుంది. మధ్యలో పుట్టిన వేడిని రసీదు పట్టుకుపోతుంది. రెండు వైపులా ఐదేసి సెంటీమీటర్ల పైన కాగితమే లేదు. అక్కడి వేడి ఎక్కడికి పోవాలి? థర్మిస్టర్ ఉన్నది మధ్యలో. అది మధ్యలో చల్లబడుతోందని చెప్తూనే ఉంటుంది, ప్రింటర్ కరెంటు ఇస్తూనే ఉంటుంది, చివరలు కాగిపోతూ ఉంటాయి. నీ పగుళ్లన్నీ ఆ ఐదు సెంటీమీటర్లలోనే ఉన్నాయి.

ఏ6 పెట్టినప్పుడు ప్రింటర్ ఆగి ఆగి వేసేది చివరలు చల్లారడానికే. ఏ4 అని చెప్పి దాని జాగ్రత్తను మనమే తీసేస్తున్నాం.

చిత్తూరు_మెకానిక్

థర్మిస్టర్ కూడా తుడిచి చూడు. దాని మీద మసి, గ్రీజు పేరుకుంటే ఉన్న వేడి కంటే తక్కువ చూపిస్తుంది. రెండూ కలిస్తే పట్టీ బతకదు. ఇంకో మాట, స్లీవ్ లోపల బండి గ్రీజు మాత్రం పెట్టొద్దు. పొగొస్తుంది. ఫ్లోరిన్ గ్రీజు అని అడుగు, చిన్న డబ్బా ఖరీదే గానీ పప్పుగింజంత చాలు.

ఈఈఈ_ఫైనలియర్

చివరలు కాగకుండా ఎలిమెంట్‌నే వేరేలా డిజైన్ చేయలేమా? వేడెక్కితే ఓమ్‌లు పెరిగే పేస్టు వాడితే, చివరల్లో ఓమ్‌లు పెరిగి అక్కడ వాట్లు తగ్గుతాయి కదా?

పేస్టు_850

ఈ ప్రశ్న అడిగినందుకు నాకు భలే సంతోషంగా ఉంది, ఎందుకంటే చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. గీత పొడవునా కరెంటు ఒకటే. కాబట్టి ఓమ్‌లు ఎక్కువున్న చోటే వాట్లు ఎక్కువ. చివర వేడెక్కి ఓమ్‌లు పెరిగితే ఇంకా కాగుతుంది. నువ్వనుకున్నదానికి సరిగ్గా ఎదురు.

కానీ అదే పేస్టును పొడవునా కాకుండా అడ్డంగా పని చేయించు. పట్టీ రెండు అంచులా రెండు వెండి గీతలు వేసి, వాటి మధ్య రెసిస్టర్ పొర పరిచి, కరెంటును ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పంపు. నిచ్చెన మెట్లలా ప్రతి ముక్కకీ వోల్టేజీ ఒకటే. అప్పుడు వేడెక్కిన ముక్క ఓమ్‌లు పెరిగి తక్కువ కరెంటు తీసుకుంటుంది, తనంతట తానే తగ్గుతుంది. చిక్కేమిటంటే కరెంటు నడిచే దూరం కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి చదరానికి ఓమ్‌లు చాలా ఎక్కువుండే పేస్టు కావాలి, అలాంటివి వేడికి ఓమ్‌లు బాగా పెరిగేలా దొరకడం కష్టం.

ఇంకో దారి, వెడల్పు కాగితానికో గీత, సన్న కాగితానికో గీత విడివిడిగా వేసి వేర్వేరుగా స్విచ్ చేయడం. పెద్ద కాపియర్ల రోలర్లలో మధ్యకో దీపం, చివరలకో దీపం పెట్టేది ఈ ఆలోచనతోనే. పట్టీని మామూలుగా వాడే అల్యూమినా సిరామిక్ బదులు అల్యూమినియం నైట్రైడ్‌తో చేసినా వేడి త్వరగా పక్కలకు పాకుతుంది, ధర మాత్రం ఎక్కువ.

బాలాజీకాలనీ_జిరాక్స్

మా పెద్ద కాపియర్ రోలర్‌లో రెండు దీపాలు ఎందుకున్నాయో ఇన్నాళ్లకు అర్థమైంది. ఒకటి స్పేర్ అనుకున్నాను!

రసీదుల సంగతి చూస్తాను. ఏ4 మీద నాలుగు రసీదులు పక్కపక్కన వేసి కట్టర్‌తో కోస్తే?

చిత్తూరు_మెకానిక్

అదే చెయ్యి. కోయడానికి ఐదు నిమిషాలు. కోశాక ఒక రసీదు బొటనవేలితో గట్టిగా రుద్ది చూడు, నలుపు అంటకూడదు. మచ్చలేమైనా వరసగా వస్తుంటే స్కేలుతో దూరం కొలువు. నీ స్లీవ్ వ్యాసం 18 మి.మీ. అయితే 56 మి.మీ.కు ఒకటి వస్తుంది. ఆ దూరం సరిపోతే స్లీవ్, లేకపోతే వేరే రోలర్. ఊరికే అన్నీ మార్చొద్దు.

రేణిగుంట_లైన్

56 చిట్కా రాసుకున్నాను. ఇన్నాళ్లూ మచ్చ కనపడితే డ్రమ్ము మార్చేవాణ్ని.

బాలాజీకాలనీ_జిరాక్స్

ఏడు వారాల తర్వాత వస్తున్నాను. కొత్త ఎలిమెంట్, కొత్త స్లీవ్ వేశాను. థర్మిస్టర్ మీద నిజంగానే నల్లటి పొర ఉంది, మెత్తటి గుడ్డతో తుడిచాను. రసీదులన్నీ ఏ4 మీద నాలుగేసి. దాదాపు 3 వేల ఏ4 కాగితాలు అయ్యాయి. నిన్న రాత్రి అంగడి మూశాక విప్పి చూశాను. పట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగానే ఉంది, గ్రీజు అంతటా మెత్తగా ఉంది. మీటర్ 66 చూపిస్తోంది.

చిత్తూరు_మెకానిక్

మంచిదప్పా. బాగుంటే ఇంక విప్పొద్దు, ఊరికే విప్పితే స్లీవ్ అంచు నలుగుతుంది.

ఈఈఈ_ఫైనలియర్

పగిలిన మూడు పట్టీలు పారేయకుండా ఉంటే నాకు ఇస్తారా అన్నా? ప్రాజెక్టు ఇదే తీసుకున్నాను. పగులుకు అటూ ఇటూ గీత ముక్కల ఓమ్‌లు వేడి చేస్తూ కొలవాలి. పేస్టు వేడికి ఎంత పెరుగుతుందో అందులోంచే తెలుస్తుంది.

పేస్టు_850

కొలిచే ముందు గాజు పూతను చివర్లో కొంచెం గీకి వెండి బయటపడేలా చెయ్యి. నాలుగు తీగలతో (కరెంటుకు రెండు, వోల్టులకు రెండు) కొలువు, రెండు తీగలతో కొలిస్తే మీటర్ తీగల ఓమ్‌లు కూడా కలిసిపోతాయి. 200 డిగ్రీల దాకా చాలు.

బాలాజీకాలనీ_జిరాక్స్

పాత పేపర్‌లో చుట్టి పెట్టాను చెల్లీ. ఎడమవి ఏవో కుడిది ఏదో పెన్నుతో రాశాను. సాయంత్రం 6 తర్వాత వస్తే అంగడిలోనే ఉంటా. స్లీవ్‌లు కూడా ఉన్నాయి, కావాలంటే అవీ తీసుకో.